పాత డాట్సన్ జెడ్‌కు ఐదు గేర్ల బాక్స్: గుర్తుపట్టడం, లెక్కపెట్టడం, బిగించడం

1970 నుంచి 1973 దాకా అమెరికాలో అమ్మిన డాట్సన్ (నిస్సాన్ కంపెనీ బ్రాండ్) 240జెడ్ స్పోర్ట్స్ కార్లన్నీ నాలుగు గేర్ల మాన్యువల్ బాక్స్‌తోనే వచ్చాయి (ఆటోమేటిక్‌లు వేరు). ఆ కారును హైవే మీద గంటకు 100 కి.మీ. వేగంతో నడిపితే ఎల్24 ఇంజన్ దాదాపు 2,800 ఆర్‌పీఎం దగ్గర తిరుగుతుంది. 120 దాటాక క్యాబిన్‌లో మాట వినపడదు. అందుకే చాలామంది యజమానులు మొదట చేసే పని తర్వాతి మోడళ్ళైన 280జెడ్ నుంచో 280జెడ్ఎక్స్ నుంచో ఐదు గేర్ల బాక్స్ తెచ్చి బిగించడం. ఈ కార్లన్నిటివీ నిస్సాన్ ఎల్ సిరీస్ ఆరు సిలిండర్ల ఇంజన్లే కాబట్టి బోల్టులు కలుస్తాయి. పని సులువుగానే కనిపిస్తుంది.

బాక్స్ బిగుస్తుంది, నిజమే. కానీ ఏ బాక్స్ తెచ్చామో తెలియకుండా, దాని వెనకాల ఏ డిఫరెన్షియల్ (వెనక చక్రాల మధ్య ఉండి వాటిని తిప్పే గేర్ల పెట్టె) ఉందో లెక్క వేయకుండా బిగిస్తే కారు ముందున్నదానికంటే మందకొడిగా తయారవుతుంది. ఈ పనిలో నేను అన్నిటికంటే ముందు పెట్టేది ఇదే: గేర్‌బాక్స్‌ను, డిఫరెన్షియల్‌ను జంటగా చూడాలి. ఒకటి మార్చేటప్పుడు రెండోదాని లెక్క చేతిలో ఉండాలి.

మోడల్ పేరును ఎలా చదవాలి

నిస్సాన్ తన గేర్‌బాక్స్‌లకు పెట్టిన పేర్లలో చాలా సమాచారం ఉంటుంది. ఎఫ్4డబ్ల్యూ71బీ అన్న పేరు తీసుకోండి. ఎఫ్ అంటే గేర్ లివర్ ఫ్లోర్ మీద ఉన్నది. 4 అంటే నాలుగు గేర్లు. డబ్ల్యూ అంటే వార్నర్ తరహా సింక్రో (గేర్ మార్చేటప్పుడు వేగాలు కలిపే రింగుల ఏర్పాటు). అదే చోట సీ అని ఉంటే సర్వో తరహా, అంటే పోర్షే పద్ధతి సింక్రో. 71 అంటే లోపల మెయిన్ షాఫ్ట్‌కు, కౌంటర్ షాఫ్ట్‌కు మధ్య దూరం, మిల్లీమీటర్లలో. చివరి అక్షరం ఆ డిజైన్ ఎన్నో రూపమో చెబుతుంది. ఐదు గేర్ల బాక్స్ పేరు ఎఫ్‌ఎస్5డబ్ల్యూ71బీ.

71 అన్న అంకె ఊరికే పెట్టింది కాదు. షాఫ్టుల మధ్య దూరం ఎక్కువైతే పెద్ద గేర్లు పడతాయి, బాక్స్ ఎక్కువ టార్క్ తట్టుకుంటుంది. డాట్సన్ 510లో వచ్చిన బాక్స్‌లు 63 సిరీస్‌వి. వాటిని ఆరు సిలిండర్ల ఇంజన్ వెనక పెట్టాలని ఎవరైనా సలహా ఇస్తే వినకండి.

చిక్కేమిటంటే ఈ పేరు బాక్స్ మీద రాసి ఉండదు. కేస్ మీద పంచ్ కొట్టిన నంబర్ కనిపిస్తుంది గానీ అది సీరియల్ నంబర్, దాన్ని చూసి లోపలి గేర్ నిష్పత్తులు చెప్పలేం. అమ్మేవాళ్ళు "ఇది 82 జెడ్ఎక్స్ బాక్స్" అంటారు. వాళ్ళు నిజాయితీపరులే కావచ్చు. కానీ నలభై ఏళ్ళలో ఆ కారుకు ఎవరు ఏ బాక్స్ మార్చారో వాళ్ళకు మాత్రం ఎలా తెలుస్తుంది? కంటితో చూసి కొంత, చేత్తో తిప్పి మిగతాది తేల్చుకోవాలి.

కంటితో గుర్తుపట్టడం

మొదట బెల్ హౌసింగ్ (ఇంజన్‌కు బిగిసే, క్లచ్‌ను కప్పే గంట ఆకారపు భాగం) చూడండి. 1970, 71 నాటి తొలి 240జెడ్‌లలో వచ్చిన ఎఫ్4డబ్ల్యూ71ఏలో బెల్ హౌసింగ్ విడి ముక్క, మెయిన్ కేస్‌కు బోల్టులతో బిగించి ఉంటుంది. 1972 మోడల్ నుంచి వచ్చిన 71బీలో బెల్ హౌసింగ్, మెయిన్ కేస్ ఒకే పోత. దాని వెనక సన్నటి అడాప్టర్ ప్లేట్, ఆ వెనక టెయిల్ హౌసింగ్. పక్క నుంచి చూస్తే రెండు అతుకులు దగ్గర దగ్గరగా, మధ్యలో అంగుళం లోపు ప్లేట్ కనిపించిందంటే అది 71బీ కుటుంబం.

71బీలో నాలుగు గేర్లదా, ఐదు గేర్లదా అన్నది పైకి చూసి చెప్పడం కష్టం. ఐదో గేర్ అడాప్టర్ ప్లేట్ వెనక, టెయిల్ హౌసింగ్ లోపల కూర్చుంటుంది. అందుకే బాక్స్ బయటి పొడవు పెరగలేదు. ఈ కారణం వల్లే 71బీ ఉన్న 240జెడ్‌లో ఐదు గేర్ల బాక్స్ పెట్టినా పాత ప్రొపెల్లర్ షాఫ్టే (బాక్స్ నుంచి డిఫరెన్షియల్ దాకా ఉండే పొడవాటి షాఫ్ట్) సరిపోతుంది. లివర్ పెట్టి కుడివైపు ముందుకు తోయండి. గేర్ పడితే ఐదు గేర్లది.

280జెడ్ఎక్స్ టర్బో మాన్యువల్ కార్ల బాక్స్ నిస్సాన్‌ది కాదు, బోర్గ్ వార్నర్ టీ-5. దాని పైన బోల్టులతో బిగించిన మూత ఉంటుంది. 71బీకి అలాంటి పై మూత లేదు. టీ-5 మంచి బాక్సే. కాకపోతే దాని వెనక యోక్ (ప్రొపెల్లర్ షాఫ్ట్ చివర బాక్స్‌లోకి దూరే భాగం) స్ప్లైన్, అంటే లోపలి గాడులు, వేరు, మౌంటు వేరు, కాబట్టి ప్రొపెల్లర్ షాఫ్ట్ దగ్గర నుంచి పని పెరుగుతుంది. మొదటిసారి చేసేవాళ్ళు దాని జోలికి పోవద్దని నా సలహా.

ఇంకొకటి తెలిసి ఉండాలి. నిస్సాన్ తర్వాతి 240ఎస్ఎక్స్ కార్లలో వచ్చిన 71సీ బాక్స్‌కు బలమైన సింక్రోలు ఉన్నాయి, దొరకడమూ సులువు. కానీ దాని బెల్ ఆ కార్ల కేఏ24 ఇంజన్ కోసం పోతపోసినది. బెల్, మెయిన్ కేస్ ఒకటే కాబట్టి జెడ్ఎక్స్ ముందు కేస్ తీసి 71సీ లోపలి భాగాలకు తొడగాలి. కౌంటర్ షాఫ్ట్ ముందు బేరింగ్ సైజు తేడా ఉండడంతో కేస్‌ను మెషిన్ షాప్‌లో బోర్ చేయించాలి. టొయోటా టీ50, డబ్ల్యూ సిరీస్ బాక్స్‌ల యజమానులకు ఈ బాధ లేదు. వాటి బెల్ విడిగా వస్తుంది, ఇంజన్‌ను బట్టి బెల్ మార్చుకుంటే చాలు.

చేత్తో తిప్పి లెక్కపెట్టడం

కొనే ముందు ఈ పరీక్ష తప్పకుండా చేయండి. కావలసినవి ఒక పాత స్లైడింగ్ యోక్, చాక్‌పీస్, పది నిమిషాల ఓపిక.

బాక్స్‌ను బల్ల మీద పెట్టి వెనక యోక్ దూర్చండి. యోక్ మీద ఒక గీత, దానికి ఎదురుగా టెయిల్ హౌసింగ్ మీద ఒక గీత పెట్టండి. ముందు ఇన్‌పుట్ షాఫ్ట్ మీద, కేస్ మీద కూడా అలాగే గుర్తు పెట్టండి. మొదటి గేర్ వేసి, యోక్ సరిగ్గా పది చుట్లు తిరిగేదాకా ఇన్‌పుట్ షాఫ్ట్‌ను తిప్పుతూ దాని చుట్లు లెక్కపెట్టండి. వచ్చిన సంఖ్యను పదితో భాగిస్తే ఆ గేర్ నిష్పత్తి. ఇద్దరుంటే పని సుఖంగా జరుగుతుంది, ఒకరు తిప్పితే ఇంకొకరు గుర్తులు చూస్తారు.

పోల్చుకోవడానికి ఈ నిష్పత్తులు దగ్గర పెట్టుకోండి:

- 240జెడ్ నాలుగు గేర్ల 71బీ: 3.592, 2.246, 1.415, 1.000
- 280జెడ్ నాలుగు గేర్లు: 3.321, 2.077, 1.308, 1.000
- 1977, 78 నాటి 280జెడ్ ఐదు గేర్లు: 3.321, 2.077, 1.308, 1.000, 0.864
- 1981 నుంచి 83 దాకా 280జెడ్ఎక్స్ ఐదు గేర్లు: 3.062, 1.858, 1.308, 1.000, 0.745
- అమెరికా బయట 240జెడ్‌లో వచ్చిన ఎఫ్‌ఎస్5సీ71ఏ: 2.957, 1.858, 1.311, 1.000, 0.852

మొదటి గేర్‌లో పది చుట్లకు ఇన్‌పుట్ 33 చుట్లు దాటితే అది 280జెడ్ బాక్స్, 30న్నర దగ్గర ఆగితే జెడ్ఎక్స్ బాక్స్. ఐదో గేర్ ఇంకా స్పష్టంగా చెబుతుంది: ఇన్‌పుట్ ఎనిమిదిన్నర దాటి తిరిగితే 0.864, ఏడున్నరకు కొంచెం లోపే ఆగితే 0.745. మూడో గేర్ మాత్రం చూడనక్కర్లేదు, ఐదు గేర్ల బాక్స్‌లన్నిటిలోనూ దాదాపు ఒకటే. 1979, 80 నాటి జెడ్ఎక్స్ బాక్స్ అని ఎవరైనా అమ్మజూపితే సంవత్సరం నమ్ముకోకుండా ఐదు గేర్లూ లెక్కపెట్టే కొనండి.

తిప్పేటప్పుడే చెవి కూడా పెట్టండి. అన్ని గేర్లలోనూ ఒకే గరగర వినిపిస్తే బేరింగ్. ఒక్క గేర్‌లోనే, ప్రతి చుట్టుకూ ఒకసారి టక్కుమంటే ఆ గేర్ పన్ను విరిగింది. ఆయిల్ డ్రెయిన్ ప్లగ్ విప్పి చూడండి. ఆయిల్‌లో పసుపు రంగు పొడి కొంత కనిపించడం మామూలే, సింక్రో రింగులు ఇత్తడివి కాబట్టి. ఉక్కు ముక్కలు కనిపిస్తే మాత్రం ఆ బాక్స్ వదిలేయండి.

మీ కారులో ఏ డిఫరెన్షియల్ ఉందో చూడండి

వెనక ఒక చక్రం నేల మీద ఉంచి, రెండోదాన్ని జాకీతో లేపి స్టాండ్ పెట్టండి. ముందు చక్రాలకు అడ్డాలు పెట్టడం మరవద్దు. గేర్ న్యూట్రల్‌లో, హ్యాండ్‌బ్రేక్ వదిలేసి ఉండాలి. లేపిన చక్రాన్ని 20 చుట్లు తిప్పుతూ ప్రొపెల్లర్ షాఫ్ట్ ఎన్ని చుట్లు తిరిగిందో లెక్కపెట్టండి. ఒక చక్రం కదలకుండా ఉంది కాబట్టి క్రౌన్ వీల్ (డిఫరెన్షియల్ లోపలి పెద్ద పళ్ళ చక్రం) తిరిగేది పది చుట్లే. షాఫ్ట్ 33.6 తిరిగితే 3.364, 35.5 అయితే 3.545, 37 అయితే 3.7, 39 అయితే 3.9. లిమిటెడ్ స్లిప్ (ఒక చక్రం విడిగా తిరగకుండా ఆపే ఏర్పాటు) ఉన్న డిఫరెన్షియల్‌కు ఈ పద్ధతి పనికిరాదు. అప్పుడు రెండు చక్రాలూ లేపి, రెండూ కలిసి పది చుట్లు తిరిగేలా చూసుకోవాలి. వెనక మూత విప్పాల్సి వస్తే క్రౌన్ మీదే 37:11, 39:11, 37:10, 39:10 అని పళ్ళ లెక్క కొట్టి ఉంటుంది.

అమెరికా 240జెడ్ మాన్యువల్ కారులో సాధారణంగా ఉండేది ఆర్180, 3.364. 280జెడ్‌లో ఆర్200, 3.545. బ్రిటన్‌లో అమ్మిన ఐదు గేర్ల 240జెడ్‌కు 3.9 ఇచ్చారు. ఆర్ పక్కన ఉన్న అంకె క్రౌన్ వీల్ వ్యాసం, మిల్లీమీటర్లలో.

జంట లెక్క

గేర్ నిష్పత్తిని డిఫరెన్షియల్ నిష్పత్తితో గుణిస్తే మొత్తం నిష్పత్తి వస్తుంది. కారు ఎలా కదులుతుందో చెప్పేది ఆ సంఖ్యే. 195/70 ఆర్14 టైరు లెక్కన చూద్దాం. గంటకు 100 కి.మీ. వేగంలో ఆ చక్రం నిమిషానికి సుమారు 844 చుట్లు తిరుగుతుంది.

ఒరిజినల్ 240జెడ్‌లో మొదటి గేర్ మొత్తం నిష్పత్తి 3.592 × 3.364, అంటే 12.08. నాలుగో గేర్‌లో 100 దగ్గర ఇంజన్ 2,840 ఆర్‌పీఎం.

ఆ 3.364 అలాగే ఉంచి జెడ్ఎక్స్ బాక్స్ బిగించారనుకోండి. ఐదో గేర్‌లో 100 దగ్గర ఇంజన్ 2,115కు దిగుతుంది. వినడానికి బాగుంది. కానీ మొదటి గేర్ మొత్తం నిష్పత్తి 10.30కి పడిపోయింది, అంటే కారును కదిలించే లాగుడు దాదాపు 15 శాతం పోయింది. ట్రాఫిక్‌లో, ఎత్తు ఎక్కేటప్పుడు ప్రతిసారీ క్లచ్ కాల్చుకోవాలి. ఎల్24 గరిష్ఠ టార్క్ 4,400 ఆర్‌పీఎం దగ్గర ఇస్తుంది. 2,115 దగ్గర దానికి ఊపిరి ఉండదు, చిన్న ఎత్తు వచ్చినా నాలుగో గేర్‌కు దిగాల్సిందే. ఐదో గేర్ కోసం ఇంత పని చేసి దాన్ని వాడలేకపోతే బాధగా ఉంటుంది.

అదే జెడ్ఎక్స్ బాక్స్ వెనక 3.9 పెట్టండి. మొదటి గేర్ 11.94, ఒరిజినల్‌కు ఒక శాతమే తేడా. ఐదో గేర్‌లో 100 దగ్గర 2,450. మూడో గేర్ మొత్తం 4.76 నుంచి 5.10కి పెరుగుతుంది, ఓవర్‌టేక్ చేసేటప్పుడు ఆ తేడా కాలికి తెలుస్తుంది. ఈ కారుకు ఇంతకంటే చక్కటి జంట నాకు తెలియదు.

డిఫరెన్షియల్ ముట్టుకోకూడదు అనుకునేవాళ్ళకు 1977, 78 నాటి 280జెడ్ బాక్స్ సరైనది. 3.364తో మొదటి గేర్ 11.17, కాస్త మందకొడి, భరించవచ్చు. ఐదో గేర్‌లో 100 దగ్గర ఇదీ 2,450 దగ్గరే. 0.864ను 3.364తో గుణించినా, 0.745ను 3.9తో గుణించినా 2.906 దరిదాపులకే వస్తుంది. హైవే మీద రెండు జంటలూ ఒకేలా నడుస్తాయి, తేడా అంతా కింది గేర్లలోనే.

3.9 కోసం జెడ్ఎక్స్ నుంచి ఆర్200 తెచ్చుకుంటే 240జెడ్‌లో దాన్ని పట్టుకునే వెనక మీసపు బార్ (మస్టాష్ బార్) కూడా ఆర్200 కోసం చేసినదే కావాలి, ప్రొపెల్లర్ షాఫ్ట్ పొడవు మళ్ళీ కొలవాలి. ఖర్చు లెక్కలో ఇవి ముందే వేసుకోండి.

క్లచ్ రిలీజ్ స్లీవ్: ఎక్కువ మంది ఇబ్బంది పడేది ఇక్కడే

కొత్త బాక్స్‌తో పాటు క్లచ్‌ను విడిపించే భాగాలు, అంటే ఫోర్క్, రిలీజ్ బేరింగ్, బేరింగ్ కూర్చునే స్లీవ్ వస్తాయి. చాలామంది వాటినే ఉంచేసి బాక్స్ ఎక్కించేస్తారు. తర్వాత క్లచ్ పూర్తిగా విడవదు, లేదా పూర్తిగా పట్టదు. మళ్ళీ బాక్స్ దించాలి.

జెడ్ కార్లలో ఈ స్లీవ్ వేర్వేరు పొడవుల్లో వచ్చింది. కారణం ప్రెషర్ ప్లేట్ (క్లచ్ ప్లేట్‌ను ఫ్లైవీల్‌కు అదిమిపట్టే భాగం). రెండు సీట్ల కార్లకు 225 మి.మీ. క్లచ్, 2+2 (నాలుగు సీట్ల) కార్లకు 240 మి.మీ. క్లచ్. ప్రెషర్ ప్లేట్ ఎత్తు మారితే స్లీవ్ పొడవు అందుకు తగ్గట్టు మారాలి. కాబట్టి స్లీవ్‌ను ప్రెషర్ ప్లేట్‌తోనే జత చేయాలి, గేర్‌బాక్స్‌తో దానికి సంబంధం లేదు. మీ కారులో పనిచేస్తున్న క్లచ్‌ను అలాగే ఉంచుతుంటే, దాని స్లీవ్‌నే కొత్త బాక్స్‌లోకి మార్చండి.

అంతా కొత్తగా కొంటే కొలిచి చూడండి. ప్రెషర్ ప్లేట్‌ను ఫ్లైవీల్‌కు బిగించి, బేరింగ్ ఎక్కించిన స్లీవ్‌ను దాని వేళ్ళ (మధ్యకు చొచ్చుకొచ్చే స్ప్రింగ్ పట్టీల) మీద పెట్టండి. ఫోర్క్ ఆనే చోటు నుంచి ఫ్లైవీల్ ముఖం దాకా దూరం సుమారు 92 మి.మీ. ఉండాలని జెడ్ యజమానులు పాటించే కొలత. చాలా తేడా వస్తే బాక్స్ ఎక్కించకండి, సరైన స్లీవ్ వెతకండి.

ఫోర్క్‌లోనూ రెండు రకాలున్నాయి. పాత కార్లలో స్లేవ్ సిలిండర్ (క్లచ్ పెడల్ తొక్కితే ఫోర్క్‌ను తోసే సిలిండర్) రాడ్ మర చుట్లతో ఉండి, ఫోర్క్ రంధ్రంలోంచి వస్తుంది, నట్టుతో ఫ్రీ ప్లే సరిచేసుకోవాలి. తర్వాతి కార్లలో రాడ్ పొడవు మారదు, ఫోర్క్ మీద గుంటలో కూర్చుంటుంది, సర్దుబాటు దానంతట అదే జరుగుతుంది. ఒకదాని సిలిండర్, ఇంకోదాని ఫోర్క్ కలపవద్దు.

బిగించే పని

1. బ్యాటరీ నెగెటివ్ విప్పండి. కారును నాలుగు స్టాండ్ల మీద, సమతలంగా, బాక్స్ కింద నుంచి జరిపేంత ఎత్తులో నిలబెట్టండి. జాకీ మీదే ఉన్న కారు కిందికి ఎవరూ దూరవద్దు.

2. లోపల కన్సోల్, రబ్బరు బూట్ తీసి గేర్ లివర్ పిన్ విప్పి లివర్ పైకి లాగండి.

3. కింద గేర్ ఆయిల్ దించండి. దించే ముందు పక్కనున్న ఫిల్లర్ ప్లగ్ వదులవుతుందో లేదో చూడండి. అది బిగుసుకుపోయి, ఆయిల్ మాత్రం కారిపోతే కారు అక్కడే ఆగిపోతుంది.

4. ప్రొపెల్లర్ షాఫ్ట్ ఫ్లాంజ్ మీద, డిఫరెన్షియల్ ఫ్లాంజ్ మీద కలిపి ఒక గుర్తు గీయండి. నాలుగు బోల్టులు విప్పి షాఫ్ట్ వెనక్కి లాగండి. తిరిగి బిగించేటప్పుడు గుర్తు కలవకపోతే వణుకు మొదలవుతుంది.

5. స్పీడోమీటర్ కేబుల్, రివర్స్ లైటు వైర్లు, స్టార్టర్, అడ్డం వచ్చే ఎగ్జాస్ట్ పైపు విప్పండి. స్లేవ్ సిలిండర్‌ను పైపుతో సహా పక్కకు కట్టేయండి, అప్పుడు బ్రేక్ ఫ్లూయిడ్ గాలి తీసే పని ఉండదు.

6. ఆయిల్ సంప్ కింద చెక్క పెట్టి ఇంజన్‌కు ఊతం ఇవ్వండి. గేర్‌బాక్స్ కింద ఇంకో జాకీ. క్రాస్‌మెంబర్ (బాక్స్‌ను మోసే అడ్డపట్టీ), తర్వాత బెల్ బోల్టులు విప్పి బాక్స్‌ను నేరుగా వెనక్కి లాగండి. ఇన్‌పుట్ షాఫ్ట్ పూర్తిగా బయటికి వచ్చేదాకా బాక్స్ బరువు క్లచ్ ప్లేట్ మీద వేలాడకూడదు, ప్లేట్ హబ్ వంగిపోతుంది.

7. బాక్స్ బయట ఉన్నప్పుడే వెనక మెయిన్ సీల్, క్రాంక్ చివరి పైలట్ బుష్, బాక్స్ ముందు, వెనక సీళ్ళు మార్చేయండి. వీటి ఖరీదు తక్కువ, వీటి కోసం మళ్ళీ బాక్స్ దించే శ్రమ చాలా ఎక్కువ. లివర్ కింద నైలాన్ బుష్‌లు కూడా ఇప్పుడే. గేర్ లివర్ వదులుగా ఊగుతుందని బాధపడేవాళ్ళలో చాలామందికి కావలసింది ఈ బుష్‌లే.

8. క్లచ్ ప్లేట్‌ను డమ్మీ షాఫ్ట్‌తో సెంటర్ చేసి, తర్వాత కొత్త బాక్స్ ఎక్కించండి. బెల్ ముఖం ఇంజన్‌ను చేత్తోనే తాకాలి. సందు మిగిలి ఉండగా బోల్టులతో లాగితే బెల్ చెవి విరుగుతుంది.

71బీ ఉన్న 240జెడ్‌లో పాత క్రాస్‌మెంబర్ సరిపోతుంది. 71ఏ ఉన్న తొలి కారైతే క్రాస్‌మెంబర్, లివర్ అమరిక వేరు, అవి తర్వాతి కారు నుంచి తెచ్చుకోవాలి, ప్రొపెల్లర్ షాఫ్ట్ పొడవు కొలిచి చూసుకోవాలి. జెడ్ఎక్స్ బాక్స్‌కు జెడ్ఎక్స్ లివర్ కంటే పాత జెడ్ లివర్ బాగా కుదురుతుంది. ఐదో గేర్ వేసినప్పుడు లివర్ టన్నెల్ రంధ్రం అంచుకు తగులుతోందేమో చూడండి. తగిలితే అంచును కొంచెం కోసి ఫైల్ చేయాలి. తగులుతూ ఉంటే గేర్ పూర్తిగా పడదు, దారిలో జారిపోతుంది. కోయడానికి మనసొప్పకపోవచ్చు, నాకూ పాత కారు రేకు కోయడం ఇష్టం ఉండదు. రూపాయి బిళ్ళ మందం చాలు, బూట్ కింద కనపడదు. జెడ్ఎక్స్ బాక్స్ మీద అదనంగా ఉండే స్విచ్‌ల వైర్లు మీ కారులో ఉండవు. ఆ స్విచ్‌లను విప్పకుండా అక్కడే ఉంచండి, లేకపోతే ఆయిల్ కారుతుంది.

స్పీడోమీటర్, ఆయిల్

స్పీడోమీటర్‌ను తిప్పేది బాక్స్ వెనకున్న అవుట్‌పుట్ షాఫ్ట్, పినియన్ అనే చిన్న పళ్ళ చక్రం ద్వారా. అందుకే ఐదో గేర్ ఎంతదైనా స్పీడోమీటర్ తేడా చూపదు, డిఫరెన్షియల్ మారితేనే తేడా వస్తుంది. 3.545కు 17 పళ్ళ పినియన్, 3.7కు 18, 3.9కు 19 వాడతారు. 3.9 కోసం వచ్చిన పినియన్‌ను 3.364 డిఫరెన్షియల్‌తో అలాగే వదిలేస్తే, కారు 100 మీద పోతుంటే ముల్లు 86 చూపిస్తుంది. ఇది చిన్న విషయం అనుకోవద్దు. పినియన్ మార్చేటప్పుడు దాన్ని పట్టుకునే స్లీవ్ కూడా ఆ పళ్ళ సంఖ్యకు తగ్గదే తీసుకోండి, లేకపోతే పళ్ళు సరిగా కలవక అరిగిపోతాయి.

ఆయిల్ జీఎల్-4 రకం, 75డబ్ల్యూ-90 లేదా 80డబ్ల్యూ-90. షాపులో ఎక్కువగా కనిపించే జీఎల్-5 డిఫరెన్షియల్‌కు మంచిది, కానీ అందులో గంధకం, భాస్వరం కలిపిన పదార్థాలు ఎక్కువ, ఇత్తడి సింక్రో రింగులకు అవి పడవు. ఐదు గేర్ల బాక్స్‌కు సుమారు రెండు లీటర్లు పడుతుంది. కారు సమతలంగా ఉండగా ఫిల్లర్ రంధ్రం అంచుదాకా పోయాలి.

మన దేశంలో జెడ్ కార్లు చాలా అరుదు. అయినా ఇసుజు ఇంజన్, ఐదు గేర్ల బాక్స్‌తో వచ్చిన అంబాసిడర్ 1800 ఐఎస్‌జెడ్, కాంటెస్సా లాంటి కార్లు ఇంకా తెలుగు ఊళ్ళలో ఉన్నాయి. వాటి బాక్స్ నిష్పత్తులు తెలుసుకోవాలన్నా ఇదే యోక్, ఇదే చాక్‌పీస్, పది చుట్ల లెక్కే.

బిగించాక మొదటిసారి కారును స్టాండ్ల మీదే ఉంచి, వెనక చక్రాలు గాల్లో తిరుగుతుండగా అన్ని గేర్లూ వేసి చూడండి. తర్వాత ఖాళీ రోడ్డు మీద రెండో గేర్‌తో మొదలుపెట్టి పైకి, కిందికి మార్చండి. వేడెక్కాక కూడా రెండో గేర్ సాఫీగా పడుతోందా లేదా అన్నది ముఖ్యం, ఈ బాక్స్‌లలో ముందు అరిగేది ఆ సింక్రోనే. ఇంటికి వచ్చాక కిందికి దూరి అడాప్టర్ ప్లేట్ అతుకులు, వెనక సీల్ తడిగా ఉన్నాయేమో వేలితో తుడిచి చూడండి. కొన్ని వందల కిలోమీటర్లు తిరిగాక బెల్ బోల్టులు, ప్రొపెల్లర్ షాఫ్ట్ బోల్టులు మళ్ళీ ఒకసారి టార్క్ రెంచ్‌తో సరిచూసుకోండి.